కైలాసం పోసిన సిమెంటు

సమ్మెట ఎత్తిన పద్మలతనూ, "ఆగు" అన్న ఆమె మామ కైలాసాన్నీ పోయినవారం ఎక్కడివాళ్లనక్కడే వదిలేసి వచ్చాం. పాపం, బరువైన సమ్మెట అది, ఈపాటికి ఆమె భుజాలు లాగేస్తుంటాయి. ఈ ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి, వెంటనే ఆమె దగ్గరికి వెళ్దాం.

మెట్‌పల్లిలో ఒక ఇరుకు గల్లీ. గేటు తీస్తే అక్కణ్నించి వెనక షెడ్డు దాకా పరిచిన పాత సిమెంటు దారి. షెడ్డులో కరెంటు మగ్గాలు. అవి కొన్న కొత్తలో నూలు బండి లోపలిదాకా రావాలని కైలాసం పోయించిన సిమెంటు అది. ఇంటి ముందు భాగంలో, ఆ సిమెంటు కింద, ఒకప్పుడు ఆయన భార్య అనసూర్య కాళ్లు దించుకుని కూర్చుని నేసిన గుంట మగ్గం గుంత ఉంది. మగ్గాన్ని అప్పుడే అమ్మేశానని కైలాసం చెప్పాడు. గుంత మాత్రం ఎక్కడికి పోతుంది?

కరెంటు మగ్గాలు ఇప్పుడు నెలలో సగం రోజులు చప్పుడు లేకుండా పడుంటున్నాయి. అందుకే కోడలు పద్మలతకు చేతి మగ్గం మీద మనసు పడింది. కరీంనగర్‌లో చీరల దుకాణం నడిపే రచన మేడమ్ రేపు ఆదివారం వస్తోంది. ఇంట్లో గుంత, మగ్గం నిలబెట్టుకునే చోటు తన కళ్లతో చూస్తే ఏడాది పొడుగునా పనిస్తుంది. చూడకపోతే ఇంకో ఊరు వెతుక్కుంటుంది. ఆ ఇంట్లో చోటంటూ ఉన్నది ఆ సిమెంటు కిందే.

ఇంకో సంగతి ఉంది, అది మీకూ నాకూ తప్ప ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ప్రతి శనివారం ధర్మపురి నరసింహస్వామి గుడికని చెప్పి పద్మలత బస్సెక్కుతుంది. గుడికి వెళ్లదని కాదు, బయటినుంచే ఒక దండం పెట్టేసి, నేరుగా గంగుబాయి అనే ముసలామె ఇంటికి పోయి ఆమె పాత టేకు మగ్గం మీద నేత నేర్చుకుంటుంది. నేసిన బట్టను చుట్టుకునే దుంగను దోనె అంటారు. ఆ మగ్గం దోనెకు ఓ రాగి బిళ్ల కొట్టి ఉంది. వంగి నేసేటప్పుడు అది పొట్టకు చల్లగా తగులుతుంది. ఎవరింటి కోడలివని గంగుబాయి అడిగితే, కబురు మామ చెవిన పడుతుందని భయపడి పద్మలత పుట్టింటి పేరు చెప్పి తప్పించుకుంది. రెండు అబద్ధాలు, రెండూ నేత కోసమే.

అదీ కథ. ఇక గేటు దగ్గరికి రండి.

పద్మలత అవతారం చూస్తే ఎవరికైనా నవ్వు ఆగదు. కుచ్చిళ్లు పైకి దోపి, కాళ్లకు మొగుడు అరుణ్‌కుమార్ బూట్లు, తలకు అతని బండి హెల్మెట్. పెచ్చులు కళ్లలో పడకుండా హెల్మెట్ అద్దం కూడా కిందికి దించింది. మామ ఆగమంటే సమ్మెట దించింది గానీ చేతిలోంచి వదల్లేదు.

కైలాసం గేటు బయట చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. అది ఆయన అలవాటు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కూడా ఆ సిమెంటు మీద ఉత్త కాళ్లతోనే నడుస్తాడు. అనసూర్యది ఇంకో రకం. ఆమె అసలు సిమెంటే ఎక్కదు, గోడ పట్టుకుని, పక్కన నీళ్లు పారే మోరీ కాలవ అంచు వెంబడి పోతుంది. కాలు జారుతుందని భయమేమోనని కోడలు ఎన్నోసార్లు చెయ్యి అందించబోతే విదిలించుకుంది. పెద్దవాళ్ల చాదస్తాలు, మనకెందుకు అనుకుని పద్మలత అడగడం కూడా మానేసింది.

"కూలోళ్లు ఒక్కలు సుత రారు బిడ్డా. నేనే వద్దన్న," అన్నాడు కైలాసం.

పద్మలతకు ఒళ్లు మండిపోయింది. వారమంతా తిరిగింది ఆమె. అడిగిన ప్రతి కూలీ నేలచూపులు చూశాడు. రాళ్లు పగలగొట్టే మిషన్ తెస్తానన్నవాడు వస్తున్నా వస్తున్నానని చివరికి ఫోన్ ఎత్తడం మానేశాడు. అందరి నోళ్లూ కట్టింది ఇంట్లో మనిషే అని ఇప్పుడు తెలిసింది. ఎందుకు మామా, ఏముంది ఈ పాడు సిమెంటులో అని అడిగితే, నేను పోసిన, నేను ఉన్నన్ని దినాలు ఉండనీ అన్నాడే తప్ప ఇంకో మాట లేదు.

"కూలోళ్లు రాకుంటే మేం లేమా, మామా? జర పక్కకు జరుగుండ్రి," అంది పద్మలత.

ఆయన జరగలేదు. అప్పుడు అరుగు మీద చాటలో బియ్యం ఏరుతున్న అనసూర్య తల కూడా ఎత్తకుండా అంది. "కొట్టు బిడ్డా."

నలుగురు వింటుండగా అనసూర్య మొగుడి మాటకు ఎదురుచెప్పడం ఆ గల్లీలో ఎవరూ ఎరగరు. కైలాసం ఆమె వైపు చూశాడు. ఆమె బియ్యంలో రాయి ఏరి పక్కన పడేసింది. ఆయన వెళ్లి గేటు మెట్టు మీద ఇటు వీపు పెట్టి కూర్చున్నాడు. పద్మలత సమ్మెట ఎత్తింది.

టంగుమంది. సమ్మెట ఎంత జోరుగా దిగిందో అంత జోరుగా పైకి లేచింది. సిమెంటు మీద ఓ తెల్ల చుక్క పడింది, అంతే. మళ్లీ కొట్టింది, మళ్లీ చుక్క. అరచేతులు మంటలు, హెల్మెట్ లోపల చెమట. గోడల మీదుగా గల్లీ జనం తలలు లేచాయి. పక్కింటి రాములు, రాతి మీద ముగ్గు పెడుతున్నావా అత్తగారింట అని ఓ మాట విసిరాడు. పద్మలతకు ఏడుపొచ్చినంత పనయ్యింది. హెల్మెట్ ఉండబట్టి సరిపోయింది గానీ లేకపోతే అందరూ చూసేవాళ్లు.

వారం నుంచీ అటు బాపుకూ ఇటు పెళ్లానికీ మధ్య నోరు కుట్టుకుని తిరుగుతున్న అరుణ్‌కుమార్ ఇక ఆగలేకపోయాడు. షెడ్డులోంచి గడ్డపార పట్టుకుని వచ్చాడు. రాత్రుళ్లు దుప్పట్లో ఫోన్ పెట్టుకుని అతను చూసినవి సినిమాలు కావట, సిమెంటు ఎలా పగలగొట్టాలో చూపించే వీడియోలట. ఆ మాట చెప్పి సిగ్గుపడ్డాడు కూడా. నడిమధ్యన ఎంత కొట్టినా లాభం లేదు, కింద మన్ను గట్టిగా పట్టుకుని ఉంటుంది, అంచు దగ్గర కింద మన్ను తోడేసి బోలు చేస్తే అప్పుడు పగులుతుందన్నాడు.

ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చున్నారు. గేటు వైపు అంచు కింద గడ్డపారతో పొడిచి, పారతో మన్ను లాగేశారు. చెయ్యి దూరేంత సందు వచ్చింది. పెచ్చులు ఎగరకుండా పైన తడి గోనెసంచి పరిచాడు అరుణ్‌కుమార్. అంచుకు జానెడు లోపల గురి చూసి పద్మలత కొట్టింది. ఈసారి టంగుమనలేదు. ధబ్‌మంది. సంచి ఎత్తి చూస్తే ఈ కొసనుంచి ఆ కొసకు వెంట్రుకంత గీత.

ఆ గీత చూసి పద్మలత చిన్నపిల్లలా గెంతింది. సంతోషం పట్టలేక హెల్మెట్ తీసి మొగుడి నెత్తిన పెట్టేసింది. ఇంకో రెండు దెబ్బలకు గీత కాస్తా నోరు తెరిచింది. పగుల్లో గడ్డపార దూర్చి, కింద రాయి ఆనించి అరుణ్‌కుమార్ తొక్కితే, తలుపంత పెచ్చు పైకి లేచి అవతలికి పడింది. కింద నల్లమన్ను, చెమ్మ వాసన. ఇందాక నవ్విన రాములే వచ్చి, ఆ ముక్కలు మా పశువుల కొట్టంలో గుంతలు పూడ్చుకుంటాను ఇవ్వండని తట్ట తెచ్చుకుని మొయ్యడం మొదలుపెట్టాడు.

ఇక చూడాలి వాళ్ల ఊపు. మన్ను తోడటం, సంచి పరచడం, కొట్టడం, లేపడం. ఒకరికి చెయ్యి నొప్పి పుడితే ఇంకొకరు. పెళ్లయ్యాక మొగుడూ పెళ్లాలు కలిసి ఇంత సంతోషంగా చేసిన పని ఇంకోటి లేదని పద్మలతకు అనిపించింది. ఆ మాటే అతనితో అంటే, బూట్లు నావి ఇచ్చెయ్యమన్నాడు.

ఇంటి ముందుకు వచ్చేసరికి ఇంకో వింత. గేటు దగ్గర అంత మొండికేసిన సిమెంటు ఇక్కడ పాత బెల్లంలా పొడిపొడిగా రాలిపోతోంది. అనసూర్య అరుగు మీదనుంచే కిసుక్కున నవ్వింది. నూలుకు పట్టించే గంజి మిగిలితే ఇందులో కలిపారట. నూలు పోగు గట్టిపడ్డట్టే సిమెంటూ గట్టిపడుతుందని మగ్గం మనుషుల తెలివి. ఆనాడే తెలిసి మేస్త్రి తల బాదుకున్నాడట.

ఆ నింద కైలాసం మోయలేకపోయాడు. ఇటు తిరక్కుండానే, ఆ గంజి తను పోయలేదని, సిమెంటు పోసిన రోజు తను మంచిర్యాలలో రైలు దగ్గర మోటార్లు దింపించుకుంటున్నానని, ఇక్కడ దగ్గరుండి పోయించింది తన దోస్తు అంతయ్య అని అన్నాడు. ఆ పేరు చెప్పేటప్పుడు ఆయన గొంతు కొంచెం తగ్గింది. పద్మలత అప్పుడు దాన్ని పట్టించుకోలేదు. ఆమె కళ్లన్నీ ముందున్న ముక్క మీదే ఉన్నాయి. ఆ ఒక్క ముక్క లేస్తే గుంత. రేపు రచన మేడమ్ వచ్చేసరికి గుంత నోరు తెరుచుకుని ఉంటుంది.

సమ్మెట ఎత్తబోయి చూస్తే ఆ ముక్క మీద కైలాసం నిలబడి ఉన్నాడు. ఎప్పుడు లేచి వచ్చాడో ఏమో, ఉత్త కాళ్లతో, రెండు చేతులూ కట్టుకుని.

"మిగిలిందంత మీ ఇష్టం. గీడ మాత్రం కొట్టకుండ్రి," అన్నాడు.

పద్మలత ఈసారి కోపం తెచ్చుకోలేదు. ఆయన ముఖం అలా లేదు. సమ్మెట కింద పెట్టి, రేపొక్కరోజు దాటితే ఈ పని ఇంకొకరికి పోతుంది మామా, మీ ఇంట్లో మగ్గం ఆడటం మీకు ఇష్టం లేదా అని మెల్లగా అడిగింది.

ఆ మాటకు పెద్దాయన కట్టుకున్న చేతులు విడిపోయాయి. తల వంచుకుని, ఎవరితోనో కాదు, ఆ సిమెంటుతోనే చెబుతున్నట్టు చెప్పాడు. "మగ్గం అమ్మలే. కట్టెల కింద అడిగిండ్రు. మా బాపు కూసున్న మగ్గాన్ని పొయ్యిల పెడ్తమన్నరు. నాకు పాణం ఒప్పలే. ఇప్పదీసి గుంతల వెట్టి ఇసుక పోసిన. మీయత్తకు చెప్తే మల్ల తియ్యమంటది, తీస్తే నేను కరెంటు మగ్గాల దిక్కు సూడ. గందుకని అమ్మిన్నన్న. దాని మీద సమ్మెట దింపుతవా బిడ్డా?"

అరుణ్‌కుమార్ గడ్డపార చేతిలోంచి జారింది. గుంత కోసం తవ్వుతుంటే మగ్గమే ఉందంటున్నాడు. పద్మలతకు ఆశ పుట్టుకొచ్చింది. ఆయన చెప్పులు ఎందుకు విడుస్తాడో ఇప్పుడు తెలిసింది. నేతవాళ్లకు మగ్గం దేవుడు. నేసేటప్పుడు కాళ్లతో ఆడించే చెక్కలు తప్ప మరేదీ కాలికి తగలనివ్వరు. చెప్పుల కాలితో దాని దరిదాపులకు కూడా పోరు.

మరి అత్తమ్మ ఏమంటుందో. ఇన్నేళ్లు అబద్ధం చెప్పినందుకు ఏం గొడవ చేస్తుందోనని ముగ్గురూ ఒకేసారి అరుగు వైపు తిరిగారు.

అనసూర్య చాట పక్కన పెట్టింది. "నాకెరుకే," అంది.

"ఎట్ల?" అన్నాడు కైలాసం.

"అమ్మినోడివి దసరనాడు సిమెంటు మీద పసుపు కుంకుమ ఎందుకు వెడ్తవు? నేను గుడ్డిదాన్నా? ఏనాడన్న గా సిమెంటు తొక్కిన్నా నేను? మోరీ పొంటి పోయిన గాని తొక్కలే." ఆమె లేచి అరుగు అంచుకు వచ్చింది. "నువ్వే చెప్తవని సూసిన. చెప్పకపోతివి."

చూశారా ఈ ముసలి దంపతుల సంగతి. ఒకరు చెప్పులు విడిచి, ఇంకొకరు మోరీ అంచున నడిచి, ఇద్దరూ ఒకే మగ్గానికి ఇన్నేళ్లు దండం పెట్టుకున్నారు. ఒకే కంచంలో అన్నం తిన్నారు గానీ ఒక్క మాట అనుకోలేదు. కైలాసం కళ్లు తుడుచుకోవడానికి తువ్వాల వెతుక్కున్నాడు. అది భుజం మీదే ఉంది.

తర్వాత ఆయనే వంగి సమ్మెట పక్కకు పెట్టి, గడ్డపార తీసుకున్నాడు. కొట్టొద్దు, లేపుదాం అన్నాడు. రాములును కూడా పిలిచి, నాలుగు వైపులా మన్ను తీసి, ఆ ముక్కను పగలకుండా, దెబ్బ తగలకుండా నెమ్మదిగా పైకెత్తి గోడకు ఆనించారు. కింద ఇసుక. ఎండిన సన్నటి ఇసుక, గుంత నిండా. చుట్టూ ఒండ్రుమట్టి పూసిన గుంత అంచు ఎక్కడా చెదరలేదు. పద్మలతకు కేక పెట్టాలనిపించింది. గుంత దొరికింది. రేపటి మాట గెలిచినట్టే.

ఇక ఇసుక తోడటంలో ఎవరూ ఎవరి మాటా వినలేదు. పార తగిలితే కట్టెకు గాటు పడుతుందని కైలాసం, చేతులతోనే తియ్యమన్నాడు. పద్మలత బోర్లా పడుకుని మోచేతుల దాకా దూర్చి తోడింది. అనసూర్య, ఇన్నేళ్ల తర్వాత మోరీ అంచు వదిలి, ఆ మన్నులోంచి నడుచుకుంటూ వచ్చి గుంత ఒడ్డున కూలబడింది. ఆమె ముఖంలో అంత వెలుగు పద్మలత పెళ్లై వచ్చిన నాటినుంచీ చూడలేదు.

పద్మలత వేళ్లకు నున్నటి కట్టె తగిలింది. లాగితే వచ్చింది. నాడె, పోగుల మధ్యన అటూ ఇటూ పరుగెత్తేది. అనసూర్య దాన్ని లాక్కుని కళ్లకద్దుకుంది. ఇదే తన నాడె అంది. ఇంకేం, మిగతాది దాని కిందే ఉంటుందని అందరూ మీద పడి తోడారు.

కింద గుంత అడుగు తగిలింది. అలికిన మట్టి అడుగు. ఈ మూల చూశారు, ఆ మూల చూశారు. కైలాసం తనే గుంతలోకి దిగి, మోకాళ్ల మీద కూర్చుని గోళ్లతో గీకాడు. ఇసుక తప్ప ఏమీ లేదు. నా చేతులతో పెట్టానే, నా చేతులతో పెట్టానే అని అదే మాట అంటున్నాడు. ఇన్నేళ్లు ఇద్దరూ దండం పెట్టింది ఖాళీ గుంతకని పద్మలతకు అర్థమైంది.

అనసూర్య మాత్రం నాడెను ఒళ్లో పెట్టుకుని గట్టిగానే ఉంది. "ఎవలింట్ల ఉన్నా నేను గుర్తువడ్త. దోనెకు మా మామ నిజాం కాలపు రాగి పైస మేకుతోని కొట్టిండు. నేస్తుంటే కడుపుకు సల్లగ తగుల్తది," అంది.

పద్మలత చెయ్యి ఇసుకలోనే ఆగిపోయింది.

ఆ చల్లదనం ఆమె పొట్టకు తెలుసు. పోయిన శనివారం కూడా తగిలింది.

కైలాసం గుంతలోంచే చెబుతున్నాడు. అనసూర్య పుట్టింట్లో ఉన్న రోజులవి. సాయంత్రం మగ్గం పెట్టి ఇసుక పోసి, ఇల్లు అంతయ్యకు అప్పజెప్పి తను మంచిర్యాల బండెక్కాడట. తిరిగొచ్చేసరికి సిమెంటు పోసేసి ఉంది. ఆ తర్వాత కొద్దిరోజులకే అంతయ్య పెళ్లాన్ని తీసుకుని ధర్మపురి వెళ్లిపోయాడు, మళ్లీ ఈ గడప తొక్కలేదు. తను ఏం తప్పు చేశానా, దోస్తు ఎందుకు దూరమయ్యాడా అని ఇన్నేళ్లు బాధపడ్డాడట. చనిపోయాడని కూడా వేరేవాళ్లు చెబితే తెలిసిందట.

గంగుబాయి ఇంట్లో గోడ మీద దండ వేసిన ఫోటో పద్మలత కళ్ల ముందు నిలిచింది. గంగుబాయి ఎన్నడూ మొగుడి పేరు చెప్పలేదు. ఆ వయసు ఆడవాళ్లు చెప్పరు, "మా ఆయన" అంటారు అంతే. పద్మలత అడగనూ లేదు. ఇప్పుడు నోరు విప్పితే అత్తమ్మ మగ్గం అత్తమ్మకు దొరుకుతుంది. కానీ గంగుబాయి అన్నం తింటున్నది ఆ మగ్గం మీదే. తనకు వేళ్లు పట్టుకుని నేత నేర్పిన మనిషి. చెప్పాలా, వద్దా? చెబితే గుడి అబద్ధం కూడా బయటపడుతుంది.

అరుగు మీద ఆమె ఫోన్ మోగింది.

అనసూర్య లేచి వెళ్లి తీసి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. గుడి అని ఉందట. ఎవరైనా చూస్తే అనుమానం రాకూడదని గంగుబాయి నంబరుకు పద్మలతే పెట్టుకున్న పేరది. శనివారం రాలేదని స్వామే చేసిండేమో బిడ్డా అని అత్త నవ్వింది. పద్మలత ఇసుకలోంచి గబగబా లేవబోయింది. కోడలి చేతులనిండా ఇసుక ఉంది కదా అని అనసూర్య నలుగురికీ వినిపించే మీట నొక్కింది.

"ఏం బిడ్డా, పొద్దెక్కింది, ఇయ్యాల రాలే? నీ చీర మగ్గం మీద సగంల ఉన్నది."

అనసూర్య ఫోన్ వైపు, తర్వాత కోడలి వైపు చూసింది. గుంతలో మోకాళ్ల మీదున్న కైలాసం మెల్లగా తలెత్తాడు. దోస్తు ఇంట్లో ఆ గొంతు మనిషి చేతి అన్నం ఆయన ఎన్నిసార్లు తిన్నాడో.

"గంగుబాయీ," అన్నాడు. "నేను కైలాసాన్ని. గుంత కాడున్న."

ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా ఆ గొంతు మళ్లీ వచ్చింది.

"ఇన్నేండ్లకు తవ్వినవా, అన్నా?"